లైట్లు వెలుగుతున్నా చక్రం కదలని ఎలక్ట్రిక్ స్కూటర్: కంట్రోలర్ మార్చే ముందు ఇంట్లో ఏమేమి పరీక్షించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది తక్కువ వేగంతో నడిచే, రిజిస్ట్రేషన్ అక్కరలేని 48 వోల్టుల లిథియం బ్యాటరీ స్కూటర్. తయారుచేసిన కంపెనీ మూతపడింది కనుక సర్వీసు సెంటరు లేదు. మొన్నటి వర్షాలలో తడిసినప్పటి నుంచి తాళం తిప్పితే డిస్‌ప్లే వెలుగుతోంది, హారన్ మోగుతోంది, హెడ్‌లైటు వస్తోంది. రేజ్ (యాక్సిలరేటర్) ఇస్తే మాత్రం చాలాసార్లు చక్రం కదలదు, ఎప్పుడైనా ఒకసారి గుర్రుమని అదిరి ఆగిపోతుంది. దగ్గరలోని మెకానిక్ చూసి, కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్ళే కరెంటును నడిపే పెట్టె) పోయిందనీ మార్చడానికి 4,500 రూపాయలు అవుతుందనీ చెప్పారు. మీ దగ్గర మల్టీమీటర్ ఉంది. అంత డబ్బు పెట్టే ముందు ఇంట్లోనే ఏమి చూసుకోవచ్చని అడుగుతున్నారు.

కంట్రోలర్ ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ముందుగా అనుమానించవలసినవి మూడు: బ్రేక్ పట్టగానే మోటారును ఆపే, లివర్‌లోని కటాఫ్ స్విచ్; రేజ్ లోపలి సెన్సార్; చక్రం ఏ స్థానంలో ఉందో చెప్పే హాల్ సెన్సార్ల వైర్లు, వాటి కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్). వీటిలో ఏది చెడినా చాలావరకు కొన్ని వందల రూపాయలలో తేలిపోతుంది, కప్లర్‌లో తడి చేరడం ఒక్కటే కారణమైతే ఖర్చే ఉండదు. ఈ మూడూ సవ్యంగా ఉన్నాయని మీటరు మీద కళ్ళారా చూసిన తరువాతే కంట్రోలర్ మీదికి వెళ్ళాలి.

దీనికి కారణం చెబుతాను. కంట్రోలర్ తనంతట తాను మోటారును తిప్పదు. బ్రేక్ పట్టారో వదిలారో ఒక వైరు చెప్పాలి, రేజ్ ఎంత తిప్పారో మరొక వైరు చెప్పాలి, చక్రం లోపలి అయస్కాంతాలు ఆ క్షణంలో ఏ స్థానంలో ఉన్నాయో మూడు వైర్లు చెప్పాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పుడు సమాచారం ఇచ్చినా మోటారుకు కరెంటు ఆపివేసేలా దానిని తయారుచేశారు. అందువల్ల కదలని బండిలోని కంట్రోలర్ చాలా సందర్భాలలో చెడిపోయి ఉండదు. తనకు అందిన సమాచారాన్ని బట్టి చేయవలసిన పనే చేస్తూ ఉంటుంది. మరి కంట్రోలర్ మార్చగానే బండి నడిచిన సందర్భాలు ఉన్నాయి కదా అంటారా, ఉన్నాయి. మార్చేటప్పుడు కప్లర్లన్నీ ఊడదీసి మళ్ళీ గట్టిగా బిగిస్తారు. ఆ ఊడదీసి బిగించడంలోనే లూజ్ కాంటాక్ట్ సర్దుకుని బండి నడుస్తుంది, నేరం మాత్రం పాత కంట్రోలర్ మీదికి పోతుంది. అలా పారేసిన కంట్రోలర్లను తెచ్చి మా షెడ్డులో వేరే బండికి తగిలించి చూస్తే శుభ్రంగా నడిచినవి చాలానే ఉన్నాయి.

ముట్టుకునే ముందు కొన్ని జాగ్రత్తలు. 48 వోల్టులు ఇంటి కరెంటులా షాక్ కొట్టకపోవచ్చు, కానీ ఆ బ్యాటరీ రెండు కొసల మధ్య స్పానర్ పడితే క్షణంలో ఎర్రగా కాలి చేతికి అతుక్కునేంత కరెంటు అందులో ఉంటుంది. ఉంగరాలు, గాజులు, వాచీ, మెడలో గొలుసు తీసివేయండి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి వెనుక చక్రం నేలకు తగలకుండా చూడండి. స్టాండ్ ఎత్తు చాలకపోతే దాని కింద చెక్క పెట్టండి. రేజ్ ఇచ్చినా ఇవ్వకపోయినా, పరీక్ష మధ్యలో చక్రం హఠాత్తుగా పూర్తి వేగంతో తిరగవచ్చని మనసులో ఉంచుకోండి. చీర కొంగు, దుపట్టా, లుంగీ అంచు, పిల్లల చేతులు చక్రానికి దూరంగా ఉండాలి. మల్టీమీటర్‌ను డీసీ 200 వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర వైరు వోల్టుల సాకెట్‌లోనే ఉందని ప్రతిసారీ చూసుకోండి. 10 ఆంపియర్ల సాకెట్‌లో ఉండగా ఆ మొనలను బ్యాటరీకి ఆనించడమంటే బ్యాటరీని నేరుగా షార్ట్ చేయడమే. కొత్తగా మీటరు పట్టినవారికి జరిగే ప్రమాదాలలో ఇదే ఎక్కువ.

ఇక వరుసలోకి వద్దాం. మీటరు తీయకముందే తేలే సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని దాటవేయకండి.

చాలా బండ్లలో హ్యాండిల్ మీద పార్కింగ్ బటన్ ఉంటుంది, దాని మీద 'పి' అని రాసి ఉంటుంది. బ్రేక్ పట్టి ఆ బటన్ నొక్కేవరకు రేజ్ పనిచేయదు. నీళ్ళు చేరి ఆ బటన్ అతుక్కుపోతే బండి ఎప్పటికీ పార్కింగ్‌లోనే ఉండిపోతుంది. డిస్‌ప్లే మీద 'పి' అక్షరం గాని 'రెడీ' అనే సూచన గాని ఉన్నదేమో చూడండి. సైడ్ స్టాండ్‌కు సెన్సార్ ఉంటే స్టాండ్‌ను నాలుగైదు సార్లు వేసి తీయండి, అక్కడ బురద గడ్డ కట్టడం మామూలు విషయం. రిమోట్‌తో పనిచేసే అలారం ఉంటే దానిని పూర్తిగా అన్‌లాక్ చేయండి. అలారం లాక్‌లో ఉన్నప్పుడు కంట్రోలరే చక్రాన్ని బిగబట్టి ఉంచుతుంది, చూసేవారికి మోటారు పట్టేసినట్టు కనిపిస్తుంది.

తరువాత తాళం తీసివేసి (అంటే కీ ఆఫ్ చేసి) చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలికగా తిరిగితే మంచిది. ఆగి ఆగి, పట్టి పట్టి తిరుగుతుంటే కథ వేరు. దాని సంగతి కింద రాశాను. ఆ తరువాత తాళం వేసి (అంటే కీ ఆన్ చేసి), బ్రేకులు వదిలిన స్థితిలో వెనుక బ్రేక్ లైటు చూడండి, చీకట్లో చూస్తే ఇంకా మంచిది. ఏ బ్రేకూ పట్టకుండానే ఆ లైటు వెలుగుతూ ఉంటే మీ సమస్య దాదాపు దొరికినట్టే.

ఇంకొక పరిశీలన చాలా విలువైనది. చక్రం గుర్రుమని అదిరిన ఆ క్షణంలో డిస్‌ప్లే ఏమవుతోందో చూడండి. ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంటే దోషం బ్యాటరీలోనో, దాని లావు వైర్ల కనెక్షన్‌లోనో, ఎంసీబీలోనో (కరెంటు ఎక్కువైతే దానంతట పడిపోయే స్విచ్) ఉంది. డిస్‌ప్లే చెక్కుచెదరకుండా వెలుగుతూనే ఉండి చక్రం మాత్రం ఆగిపోతుంటే, బ్యాటరీని కాసేపు పక్కన పెట్టి సెన్సార్ల వైపు వెళ్ళవచ్చు. లైట్లు వస్తున్నాయి కాబట్టి బ్యాటరీ బాగున్నట్టే అనుకోవడం మాత్రం సరికాదు. లైట్లకు, డిస్‌ప్లేకు కావలసిన కరెంటు చాలా తక్కువ, మోటారు కదిలేటప్పుడు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది.

అయినా బ్యాటరీ వోల్టేజీని ఒకసారి కొలిచి రాసుకోండి. మీ బ్యాటరీ మామూలు లిథియం అయాన్ సెల్స్ 13 వరుసగా కలిపినదైతే నిండుగా ఉన్నప్పుడు 54.6 వోల్టులు చూపుతుంది. అది 42 కంటే దిగితే చాలా కంట్రోలర్లు లైట్లను వెలగనిచ్చి మోటారును మాత్రం ఆపేస్తాయి, అందువల్ల మీ లక్షణానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 16 ఉన్న బ్యాటరీ అయితే ఛార్జింగ్ పూర్తయ్యేటప్పుడు 58.4 దాకా వెళ్ళి, కాసేపటికి 53, 54 దగ్గర నిలుస్తుంది. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు ఉన్న బండి అయితే నిండు బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 51 చుట్టూ ఉంటుంది. బ్యాటరీ మీది స్టిక్కర్ చూస్తే మీది ఏ రకమో తెలుస్తుంది. బ్యాటరీ దగ్గర సరైన వోల్టులు ఉండి కంట్రోలర్ దగ్గర లేకపోతే మధ్యలోని ఫ్యూజు, ఎంసీబీ, కప్లర్ చూడాలి. కంట్రోలర్‌కు వెళ్ళే లావు ఎర్ర వైరుతో పాటు తాళం నుంచి వచ్చే సన్న వైరు ఒకటి ఉంటుంది. తాళం వేసినప్పుడు దానిలో కూడా బ్యాటరీ వోల్టేజీ రావాలి. అది రాకపోతే కంట్రోలర్ నిద్రలేవదు.

బ్రేక్ కటాఫ్. బ్రేక్ లివర్ మొదట్లో చిన్న స్విచ్ ఉంటుంది. లివర్ నొక్కగానే అది బ్రేక్ లైటు వెలిగించడంతో పాటు మోటారును ఆపమని కంట్రోలర్‌కు చెబుతుంది. వర్షంలో తడిసిన లివర్ తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రాకపోయినా, స్విచ్ లోపల నీరు చేరినా, మీరు బ్రేక్ పట్టుకునే ఉన్నారని కంట్రోలర్ అనుకుంటుంది. దీనిని పరీక్షించడం సులభం: కంట్రోలర్ దగ్గర బ్రేక్ వైరు కప్లర్‌ను ఊడదీసి, చక్రం గాలిలో ఉండగా కొద్దిగా రేజ్ ఇచ్చి చూడండి. చక్రం తిరిగితే దోషి బ్రేక్ స్విచ్. రెండు లివర్లకు రెండు స్విచ్‌లు ఉంటాయి కనుక ఏది చెడిందో ఒక్కొక్కటి విడిగా ఊడదీసి తెలుసుకోవాలి. కొన్ని రకాలలో ఈ స్విచ్ 12 వోల్టులను పంపుతుంది, కొన్నింటిలో కేవలం వైరును ఎర్త్‌కు (బ్యాటరీ నెగటివ్ వైపుకు) కలుపుతుంది; రెండవ రకంలో బ్రేక్ లైటు మామూలుగానే ఉండి మోటారు మాత్రం ఆగిపోవచ్చు. కాబట్టి లైటును మాత్రమే నమ్మవద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కప్లర్ ఊడదీయగానే బండి నడిచిందని అలాగే రోడ్డు మీదికి తీసుకువెళ్ళకండి. రేజ్ ఎప్పుడైనా అతుక్కుపోతే, బ్రేక్ పట్టగానే మోటారును ఆపేది ఆ స్విచ్చే. కొత్త స్విచ్ వేసిన తరువాతే నడపండి.

బట్టల దుకాణంలో డెలివరీ చేసే అబ్బాయి ఒకరు ఇలాంటి బండినే మా దగ్గరకు తోసుకుంటూ వచ్చారు. అప్పటికే వేరే చోట కొత్త కంట్రోలర్ వేయించుకున్నారు, అయినా చక్రం కదలలేదు. ఎడమ లివర్‌ను వేలితో బయటికి తోస్తే మోటారు తిరిగింది, వదిలితే ఆగింది. ఏదో పడిపోయినప్పుడు లివర్ కొద్దిగా వంగి స్విచ్ బొడిపెను సగం నొక్కి ఉంచింది. లివర్ సరిచేసి, స్క్రూ బిగించి పంపించాం.

రేజ్. దీనికి మూడు వైర్లు: సాధారణంగా ఎర్రది 5 వోల్టులు, నల్లది ఎర్త్, మూడవది సిగ్నల్, మూడవది పచ్చగానో తెల్లగానో నీలంగానో ఉంటుంది. కప్లర్ ఊడదీయకుండా, దాని వెనుక వైపు నుంచి సన్నని గుండుసూదిని వైరు పక్కగా దూర్చి, ఆ సూదికి మీటరు మొన ఆనించండి. నల్ల మొన నల్ల వైరుకు, ఎర్ర మొన ఎర్ర వైరుకు పెడితే 4.3 నుంచి 5 వోల్టుల మధ్య రావాలి. సూదులు రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. ఇప్పుడు ఎర్ర మొనను సిగ్నల్ వైరుకు మార్చండి. రేజ్ తిప్పకుండా ఉన్నప్పుడు 0.8 నుంచి 1 వోల్టు, నిదానంగా తిప్పుతూ పోతే క్రమంగా పెరిగి 3.5 నుంచి 4.2 వరకు చేరాలి. మధ్యలో ఎక్కడా దూకకూడదు, పడకూడదు.

తిప్పకముందే 1.3 గాని 1.5 గాని చూపుతుంటే లోపల తడి చేరిందనో, అయస్కాంతం కదిలిందనో, నల్ల వైరు తెగిందనో అర్థం. తాళం వేసేటప్పటికే సిగ్నల్ అంత ఎత్తున ఉంటే బండి హఠాత్తుగా దూకుతుందన్న భయంతో కంట్రోలర్ మోటారును అసలు మొదలుపెట్టదు. వర్షం తరువాత కదలని బండ్లలో నేను తరచు చూసేది ఇదే. సిగ్నల్ వైరు దగ్గర మీటరు ఉంచి హ్యాండిల్‌ను ఎడమకు, కుడికి పూర్తిగా తిప్పి చూడండి. మలుపు తిరిగినప్పుడల్లా వైర్లు మెడ దగ్గర నలుగుతాయి కనుక లోపల రాగి తెగి పైన తొడుగు మాత్రం మిగిలి ఉండవచ్చు. అంకె అటూ ఇటూ గెంతితే తెగిన చోటు అక్కడే ఉంది. రేజ్‌ను హెయిర్ డ్రైయర్ చల్లగాలితో ఆరబెట్టి, ఒక రోజు ఎండలో కాకుండా నీడలో ఉంచి మళ్ళీ కొలవండి. అప్పటికీ 1 వోల్టు దగ్గరకు రాకపోతే రేజ్ మార్చండి. సిగ్నల్ వైరును 5 వోల్టుల వైరుకు తగిలించి చూడమని కొన్ని వీడియోలలో చెబుతారు, ఆ పని చేయవద్దు. అది పూర్తి రేజ్ ఇచ్చినట్టే.

5 వోల్టులే రాకపోతే ఏం చేయాలి? సాధారణంగా ఈ దశలోనే కంట్రోలర్ పోయిందని తేల్చేస్తారు. నిజానికి ఇది చాలా ఆసక్తికరమైన దశ, దీని మీద ఓపిక పెట్టండి. ఆ 5 వోల్టుల లైను ఒక్క రేజ్‌కే కాదు, మోటారు లోపలి హాల్ సెన్సార్లకు కూడా అదే వెళుతుంది. మోటారులో ఎర్ర వైరు నల్ల వైరుకు తగిలి షార్ట్ అయితే, ఎక్కడో వెనుక చక్రంలో ఉన్న దోషం ముందు హ్యాండిల్ దగ్గర వోల్టేజీని పడగొడుతుంది. కాబట్టి మీటరును రేజ్ ఎర్ర వైరు దగ్గరే ఉంచి, తాళం తీసి, హాల్ సెన్సార్ కప్లర్‌ను ఊడదీసి, మళ్ళీ తాళం వేయండి. 5 వోల్టులు తిరిగి వస్తే షార్ట్ మోటారు వైపు ఉంది. రాకపోతే హాల్ కప్లర్ తగిలించి, రేజ్ కప్లర్ ఊడదీసి, కంట్రోలర్ వైపు పిన్నుల దగ్గర కొలవండి. వచ్చిందా, షార్ట్ రేజ్‌లో ఉంది. రెండూ ఊడదీసినా 5 వోల్టులు రాకపోతే, అప్పుడు మాత్రమే కంట్రోలర్ లోపలి దోషమని చెప్పడానికి ఆధారం దొరికినట్టు. పాలు పోసే ఒక పెద్దాయన బండిలో ఆ లైను మీద 0.3 వోల్టులు మాత్రమే ఉండేవి. హాల్ కప్లర్ తీయగానే 4.9 అయింది. కప్లర్ తెరిస్తే పిన్నుల మధ్య పచ్చని చిలుము ఒకదానికొకటి అంటుకుని ఉంది. పాత టూత్‌బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రుద్ది ఆరబెట్టి పెడితే బండి ఆ సాయంత్రమే పాలకు వెళ్ళింది.

హాల్ సెన్సార్లు. మీ బండి గుర్రుమని అదిరి ఆగుతోందన్నారు. ఆ లక్షణం బ్రేక్ స్విచ్ కంటే, రేజ్ కంటే హాల్ సెన్సార్ల వైపు, లేదా మోటారు లావు వైర్ల వైపు ఎక్కువగా వేలు చూపుతుంది. మోటారు నుంచి మూడు లావు వైర్లు వస్తాయి: పసుపు, పచ్చ, నీలం. వాటితో పాటు అయిదు సన్న వైర్లు కూడా వస్తాయి: ఎర్ర, నల్ల, మళ్ళీ పసుపు, పచ్చ, నీలం. కొన్నింటిలో ఆరవ వైరు తెల్లది ఉంటుంది, దానిని వదిలేయండి. హాల్ కప్లర్ తగిలించి ఉండగానే, తాళం వేసి, రేజ్ ముట్టుకోకుండా, నల్ల మొనను సన్న నల్ల వైరు దగ్గర ఉంచి ఎర్ర మొనను పసుపు వైరుకు ఆనించండి. చక్రాన్ని చేత్తో బహు నిదానంగా తిప్పండి. కొన్ని డిగ్రీలు తిరగగానే అంకె సున్నా దగ్గర నుంచి 5 దగ్గరికి, మళ్ళీ కొంత తిరగగానే సున్నాకు మారుతూ ఉండాలి. తరువాత పచ్చ, తరువాత నీలం. మూడూ ఒకే తీరున మారాలి. ఏదైనా ఒకటి సున్నా దగ్గరో 5 దగ్గరో బిగుసుకుని ఉంటే ఆ సెన్సార్ గాని, దాని వైరు గాని పోయినట్టు.

కప్లర్ తగిలించి ఉండగానే అని ఎందుకు చెప్పానంటే, ఆ సెన్సార్లు సిగ్నల్ వైరును ఎర్త్‌కు కలపడం, వదలడం మాత్రమే చేస్తాయి. వదిలినప్పుడు దానిని 5 వోల్టులకు ఎత్తేది కంట్రోలర్ లోపలి రెసిస్టర్. కప్లర్ ఊడదీసి విడిగా 5 వోల్టులు ఇచ్చి కొలిస్తే మంచి సెన్సార్ కూడా ఏమీ చూపకపోవచ్చు, మీరు దానిని చచ్చిపోయిందనుకుంటారు.

ఒక్క సెన్సార్ పోయిన బండి చక్రం ఆగిన చోటును బట్టి ఒకసారి కదులుతుంది, ఒకసారి కదలదు. చక్రాన్ని చేత్తో కొంచెం జరిపి రేజ్ ఇస్తే కదులుతూ, మరొక చోట ఆగితే అదురుతూ ఉంటే ఈ అనుమానం బలపడుతుంది. వైర్లు ఇరుసు లోపలి నుంచి బయటికి వచ్చే చోటును టార్చి వేసి చూడండి. ఇరుసు నట్టు వదులై ఇరుసే తన గాడిలో కొద్దిగా తిరిగితే అక్కడ వైర్ల తొడుగు నలిగి చీలిపోతుంది, వాన నీరు కూడా ఆ దారినే మోటారులోకి దిగుతుంది. కప్లర్, వైరు బాగుండి సెన్సార్ మాత్రమే పోయిందని తేలితే మోటారు విప్పి సోల్డరింగ్ చేయాలి. లోపలి అయస్కాంతాల పట్టు చాలా బలంగా ఉండి వేళ్ళు నలిగే ప్రమాదం ఉంది కనుక ఆ పనిని అలవాటున్నవారికి అప్పగించండి. సెన్సార్లు చవకే, పనికే డబ్బు. ఒక్కటి పోయినా మూడూ మార్పించండి.

మూడు లావు వైర్ల బోల్టులను కూడా ఇదే ఊపులో చూడండి. వాటిలో ఒకటి వదులైనా మోటారు ఇలాగే గుర్రుమంటుంది. వేడికి నల్లబడిన తొడుగు, కరిగిన ప్లాస్టిక్ వాసన చూస్తేనే తెలుస్తాయి. ఆ కొసను గీకి, కొత్త టెర్మినల్ వేసి బిగించాలి. టేపు చుట్టినంతలో సరిపోదు.

చక్రం చేత్తో తిప్పినా పట్టి పట్టి తిరుగుతుంటే బ్యాటరీ ఊడదీయండి. కంట్రోలర్‌లోని కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది కనుక బ్యాటరీ తీసిన తరువాత తాళం వేసి కాసేపు హారన్ నొక్కి, ఆపై కొన్ని నిమిషాలు ఆగండి. అప్పుడు మూడు లావు వైర్లను కంట్రోలర్ నుంచి విడదీసి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి, చక్రం తిప్పండి. ఇప్పుడు తేలికగా తిరిగితే కంట్రోలర్‌లోని మాస్ఫెట్ (మోటారుకు కరెంటును ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్) షార్ట్ అయింది. ఇంకా పట్టేస్తుంటే మోటారు చుట్టలోనో, ఇరుసు దగ్గరి వైర్లలోనో షార్ట్ ఉంది.

మాస్ఫెట్లను మీటరుతో రూఢి చేసుకోవచ్చు. బ్యాటరీ, మోటారు రెండూ విడదీసి ఉండగా మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టండి. నల్ల మొనను కంట్రోలర్ లావు ఎర్ర వైరుకు ఆనించి, ఎర్ర మొనను పసుపు, పచ్చ, నీలం వైర్లకు ఒక్కొక్కటిగా ఆనించండి. మూడింటికీ 0.4 నుంచి 0.6 మధ్య దాదాపు ఒకే అంకె రావాలి. తరువాత ఎర్ర మొనను కంట్రోలర్ లావు నల్ల వైరుకు పెట్టి, నల్ల మొనను ఆ మూడింటికి ఆనించండి. మళ్ళీ అదే తీరు అంకెలు రావాలి. ఎక్కడైనా సున్నా వచ్చి బీప్ అంటే మీ మెకానిక్ చెప్పింది నిజమే. ఈ పరీక్షలో ఆరు అంకెలూ బాగుండి, పైన చెప్పిన బ్రేక్, రేజ్, హాల్ మూడూ బాగుండి, కంట్రోలర్ దాకా బ్యాటరీ వోల్టులు అందుతూ ఉండి, ఇంకా మోటారు తిరగకపోతే అప్పుడు కూడా కంట్రోలరే మిగులుతుంది, దానిని మార్చవలసిందే.

బ్యాటరీ విషయంలో నా అభిప్రాయం కచ్చితమైనది: బ్యాటరీ పెట్టెను ఇంట్లో విప్పకండి. బీఎంఎస్ (బ్యాటరీ లోపలి రక్షణ సర్క్యూట్) కట్ చేస్తోందని దానిని తప్పించి నేరుగా వైరు వేయడం, చేతికి దొరికిన ఛార్జరు పెట్టడం, ఉబ్బిన సెల్‌ను సర్ది మళ్ళీ మూత బిగించడం, ఇవన్నీ ఇంటికి నిప్పు పెట్టే పనులు. 54.6 వోల్టుల దగ్గర ఆగవలసిన బ్యాటరీకి 58.8 వోల్టుల ఛార్జరు తగిలిస్తే ఆపడానికి బీఎంఎస్ ఒక్కటే మిగులుతుంది, అదీ పనిచేయకపోతే అంతే సంగతులు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోను విజయవాడలోను ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు రాత్రిపూట పేలి, నిద్రలో ఉన్న కుటుంబాలలో ప్రాణాలు పోయాయి. మీ బండి తడిసింది కనుక ఇది మీకు మరింత వర్తిస్తుంది. బ్యాటరీ కప్లర్‌లో తడి ఉన్నా, పెట్టె ఉబ్బినా, ఏదో తియ్యని ఘాటు వాసన వచ్చినా, తాకితే ఒక పక్క మాత్రం వేడిగా ఉన్నా ఛార్జింగ్ పెట్టవద్దు; బయట, మండే వస్తువులేవీ లేని చోట పెట్టి, తెలిసినవారికి చూపించండి. అన్నీ బాగున్నా పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా, రాత్రంతా ఛార్జింగ్ పెట్టే అలవాటు మానుకోండి.

వాన కారణమని మీరే అన్నారు కనుక, ఏ మీటరూ పట్టకముందే చేయదగిన పని ఒకటి ఉంది. బ్యాటరీ తీసి, సీటు కింద, కాళ్ళు పెట్టుకునే చోటు కింద ఉన్న ప్రతి కప్లర్‌నూ ఒక్కొక్కటిగా ఊడదీసి, ఫొటో తీసుకుని, చిలుము ఉంటే శుభ్రం చేసి, ఆరబెట్టి మళ్ళీ తగిలించండి. లోపలికి దిగబడిపోయిన పిన్నును సన్నని స్క్రూడ్రైవర్‌తో ముందుకు లాగండి. కప్లర్ల మూతులు పైకి కాకుండా కిందికి ఉండేలా కట్టండి, అప్పుడు వైరు మీదుగా జారిన నీరు లోపల నిలవదు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్‌ను కంట్రోలర్ మీదికి, ఇరుసు మీదికి కొట్టనివ్వకండి. వానకాలం తరువాత వచ్చే బండ్లకంటే, పండుగ ముందు రోజు సర్వీసింగ్ చేయించుకుని వచ్చే బండ్లలోనే నేను ఎక్కువ నీరు చూస్తాను.

చివరికి కంట్రోలర్ మార్చక తప్పకపోతే, కొత్తదాని వోల్టులు, ఆంపియర్లు పాతదాని మీద రాసి ఉన్నవే ఉండాలి. పికప్ పెరుగుతుందని ఎక్కువ ఆంపియర్లది వేస్తే బ్యాటరీ బీఎంఎస్ మధ్య దారిలో కట్ చేయవచ్చు. మోటారు శక్తి 250 వాట్లు గాని, వేగం గంటకు 25 కిలోమీటర్లు గాని దాటితే ఆ బండికి రిజిస్ట్రేషన్ లేకుండా తిరిగే హక్కు కూడా పోతుంది. రంగులు కలిసినంత మాత్రాన వైర్లు కలిసినట్టు కాదు. ఒక తయారీదారు పసుపు మరొకరి పసుపు కాకపోవచ్చు, హాల్, లావు వైర్ల వరుస తప్పితే మోటారు మళ్ళీ ఇలాగే గుర్రుమంటుంది లేదా వెనక్కి తిరుగుతుంది. చాలా కంట్రోలర్లలో సెల్ఫ్ లెర్నింగ్ కోసం రెండు తెల్ల వైర్లు ఉంటాయి. చక్రం గాలిలో ఉండగా వాటిని కలిపితే మోటారు తనంతట తిరిగి సరైన వరుసను పట్టుకుంటుంది, దిశ తప్పైతే ఒకసారి విడదీసి మళ్ళీ కలపాలి, సరిగ్గా తిరిగాక విడదీసి విడివిడిగా టేపు చుట్టాలి.

మీరు పరీక్షించిన తరువాత బ్యాటరీ వోల్టేజీ, రేజ్ ఎర్ర వైరు మీది వోల్టులు, రేజ్ తిప్పకముందు, పూర్తిగా తిప్పాక సిగ్నల్ వోల్టులు, మూడు హాల్ వైర్లు మారుతున్న తీరు, బ్రేక్ కప్లర్ తీసినప్పుడు ఏం జరిగిందన్నది రాసి పంపండి. హాల్ కప్లర్‌ను తెరిచి లోపలి పిన్నులు కనిపించేలా ఒక ఫొటో కూడా జత చేయండి. మీరు చెప్పిన అదురును బట్టి నేను ముందుగా చూసేది ఆ కప్లర్‌నే.